పాదాల చెంత పరిచర్య

పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా మనల్ని మోసేవి పాదాలే. అయినా అద్దం ముందు నిలబడి మనం చూసుకునేది మాత్రం ముఖాన్ని! ముఖానికి దొరికే గౌరవం పాదాలకు దొరకదు. బైబిలు లోకం మాత్రం పాదాలను మరచిపోలేదు. మమ్రే దగ్గర గుడారపు ద్వారాన కూర్చున్న అబ్రాహాము ముగ్గురు అతిథులను చూసి పరుగెత్తుకుని వెళ్లి మొట్టమొదట ఇవ్వజూపింది కాళ్లు కడుక్కోవడానికి నీళ్లే. యేసుప్రభువు తన ఇంటికి భోజనానికి వస్తే పరిసయ్యుడైన సీమోను ఆ కాసిన్ని నీళ్లు కూడా ఇవ్వలేదు. చివరికి సిలువకు ముందు రాత్రి ప్రభువే నడుముకు తువాలు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగాడు. మన తెలుగు పల్లెల్లోనూ గడప దగ్గర చెంబుతో నీళ్లు అందించి, కాళ్లు కడుక్కోండి అనడం నిన్నమొన్నటిదాకా ఉన్న మర్యాదే.

ఆ చెంబెడు నీళ్లనే జీవితకాలపు పరిచర్యగా మలచుకున్న ఒక దైవసేవకుని గురించి ఈ వారం ధ్యానించుకుందాం. ఆయన పేరు సెబాస్టియన్ క్నైప్. జర్మనీలోని బవేరియా ప్రాంతానికి చెందిన పల్లెటూరి గురువు. ఈ రోజు లోకమంతటా ప్రకృతి వైద్యశాలల్లో చేయించే పాదస్నానానికి, తడి గడ్డిమీద ఉత్త కాళ్లతో నడిపించే అలవాటుకు ఇంత ప్రాచుర్యం తెచ్చినవారిలో ఆయనే ముఖ్యుడు. ఆయన రోమన్ కేథలిక్ సంఘానికి చెందినవాడు. మనం ప్రొటెస్టెంట్లం. సిద్ధాంతాల్లో మనకున్న తేడాలు మనకు తెలుసు. కాని గాయపడినవాణ్ణి ఎత్తుకుని వెళ్లిన సమరయుని దగ్గర పాఠం నేర్చుకోమని ప్రభువే చెప్పాడు కదా! మంచి పొరుగువాడు ఎక్కడ కనిపించినా నేర్చుకోవడానికి మనం సిగ్గుపడనక్కర్లేదు.

మగ్గం గుంటలోనుంచి...

క్నైప్ 1821 మే 17న స్టెఫాన్స్‌రీడ్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి నేతపనివాడు. ఇంట్లో పేదరికం. మగ్గం ఉన్నది నేలమాళిగలో. చలి, చెమ్మ, చీకటి. చిన్నతనంలోనే సెబాస్టియన్ ఆ మగ్గం ముందు కూర్చున్నాడు. చేనేత కుటుంబాలను ఎరిగిన మన తెలుగువారికి ఆ బతుకెలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. చేతులు నేస్తున్నాయి గాని మనసు మాత్రం గురువు కావాలన్న ఒకే ఆశమీద ఉంది. గురువు కావాలంటే లాటిన్ రావాలి. లాటిన్ నేర్పేవారు కావాలి. ఆ కుర్రవాడు ఎందరి తలుపులు తట్టాడో! వయసు మీరిపోయిందనీ, చేతిలో డబ్బు లేదనీ అందరూ పంపేశారు.

కూలికి నేసి, పైసాపైసా కూడబెట్టి 70 గిల్డర్లు దాచుకున్నాడు. సుమారు ఇరవై ఏళ్ల ప్రాయంలో ఉండగా ఇల్లు నిప్పంటుకుని కాలిపోయింది. దాచుకున్న డబ్బు కూడా ఆ మంటల్లోనే బూడిదైంది. దేవుడే తన మార్గాన్ని మూసేశాడని అనుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? కాని ఆయన వెనక్కు తిరగలేదు. 1842లో గ్రోనెన్‌బాఖ్‌లో ఉన్న మథియాస్ మెర్కిల్ అనే గురువు, వాళ్లకు బంధువే, ఆయన్ను దగ్గరికి తీసి లాటిన్ నేర్పాడు. తన కంటే ఎంతో చిన్నవాళ్లయిన పిల్లలతోపాటు ఈ పెద్ద కుర్రవాడు డిల్లింగెన్ పట్టణపు పాఠశాలలో కూర్చున్నాడు. తలుపు మూసేది మనుషులే. దేవుడు తెరవదలచిన తలుపును మంటలు కూడా మూయలేవు.

నవంబరు నెలలో నది

తలుపు తెరుచుకుంది గాని శరీరం సహకరించలేదు. నేలమాళిగ చెమ్మ, అరకొర తిండి, రాత్రింబవళ్ల చదువు కలిసి ఆయన ఊపిరితిత్తులను దెబ్బతీశాయి. క్షయ లక్షణాలు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. ఆ వ్యాధికి కారణమైన క్రిమిని రాబర్ట్ కోఖ్ కనుగొన్నదే 1882లో. వైద్యులు ఆశ వదులుకున్నారు.

అప్పుడు ఆయన చేతికి ఒక పాత పుస్తకం దొరికింది. సైలీషియా ప్రాంతపు వైద్యుడు యోహాన్ సీగ్మండ్ హాన్ అంతకు నూరేళ్లకు పూర్వం చన్నీళ్ల శక్తి గురించి రాసిన పుస్తకమది. అది చదివి 1849 నవంబరులో ఈ రోగి డానూబ్ నదికి నడిచాడు. ఐరోపాలో నవంబరు అంటే ఎముకలు కొరికే చలి. గదినుంచి పరుగెత్తి వెళ్లి ఒంటికి వేడి పుట్టించుకునేవాడు. కొద్ది క్షణాలు మాత్రమే నీళ్లలో మునిగి, గబగబా బట్టలు తొడుక్కుని, మళ్లీ పరుగున గదికి చేరేవాడు. వారానికి రెండు మూడుసార్లు అలా వెళ్లాడు. నెలలు గడిచేకొద్దీ బలం తిరిగొచ్చింది. చదువు పూర్తయింది. 1852లో ఆగ్స్‌బర్గ్ నగరంలో గురువుగా అభిషేకం పొందాడు. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు.

ఈ ఘట్టం చదువుతుంటే సిరియా సైన్యాధిపతి నయమాను గుర్తుకు రాక మానడు. యొర్దానులో ఏడుసార్లు మునగమంటే అతనికి కోపం వచ్చింది. ఇంత చిన్న సంగతా అనిపించింది. ఏదైనా గొప్ప కార్యం చెయ్యమని ఉంటే చేసేవాడే! క్నైప్‌కు ఆ గర్వం లేదు. పేదవాడికి నీళ్లు చిన్న సంగతి కాదు. అయితే ఇక్కడ ఒకమాట స్పష్టంగా చెప్పాలి. ఆయన కోలుకున్నాడు గనుక క్షయకు చన్నీళ్లే మందు అని మనం అనకూడదు. ఈ రోజు క్షయకు నమ్మకమైన మందులున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఆ మందులు కూడా దేవుడు మనుషులకిచ్చిన జ్ఞానంవల్ల వచ్చినవే. వాటిని మానేసి నదికి వెళ్లమని ఈ కథ చెప్పడం లేదు.

జరిమానా కట్టినా ఆగని చేతులు

స్వస్థత పొందినవాడు దాన్ని దాచుకోలేదు. విద్యార్థిగా ఉండగానే తనలాగే జబ్బుపడిన తోటి విద్యార్థులకు మొక్కలకు నీళ్లుపోసే డబ్బాతో నీటిధారలు పోసి సాయం చేశాడు. గురువుగా పల్లెలకు వెళ్లాక రోగులు ఆయన్ను వెదుక్కుంటూ రాసాగారు. అది కొందరికి నచ్చలేదు. లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని ఫిర్యాదులు వెళ్లాయి. అధికారులు పిలిపించారు. జరిమానా వేశారు. 1854లో బూస్ అనే ఊళ్లో కలరా వ్యాపించినప్పుడు మాత్రం ఈ యువ గురువు రోగుల మంచాల దగ్గరే నిలబడ్డాడు. కలరా గురువు అనే పేరు ఆయనకు ఆ రోజుల్లోనే వచ్చింది.

1855లో ఆయన్ను వోరిస్‌హోఫెన్ అనే పల్లెకు పంపారు. అక్కడి డొమినికన్ మఠంలోని కన్యస్త్రీలకు ఆత్మీయ గురువుగా ఉండటం ఆయన పని. పొలం పనులు, పశుపోషణ, తేనెటీగల పెంపకం కూడా ఆయనే వాళ్లకు నేర్పాడు. ఎక్కడో మూలనున్న పల్లె. పేరు ప్రతిష్ఠలకు అవకాశం లేని చోటు. కాని రోగులు అక్కడికీ వచ్చారు. మఠంలో బట్టలుతికే గదే మొదట ఆయన వైద్యశాల అయింది. 1881లో ఆ ఊరి సంఘానికి కాపరిగా నియమితుడయ్యాడు. 1886లో తన జలచికిత్స గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. అది ముద్రణ వెంట ముద్రణ పొంది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఆస్ట్రియా రాజకుటుంబీకుడు ఆర్చ్‌డ్యూక్ జోసెఫ్ అంతటివాడు ఆ పల్లెకు వచ్చాడు. పోపు 13వ లియో 1893లో ఆయనకు మోన్సిన్యోర్ అనే బిరుదునిచ్చాడు. అయినా ఆయన గుమ్మంలో రైతులు, కూలివాళ్లు, పనిమనుషులు బారులు తీరుతూనే ఉన్నారు. చేతికొచ్చిన ఆదాయంతో 1891లో ఒక చికిత్సాలయం, 1893లో జబ్బు పిల్లలకోసం ఒక ఆశ్రమం కట్టించాడు. నేలమాళిగలో దగ్గుతూ మగ్గం నేసిన పిల్లవాణ్ణి ఆయన మరచిపోలేదు.

ఉప్పు, బూడిద, గోరువెచ్చని నీళ్లు

ఇంతకూ ఆయన చేసిన చికిత్స ఏమిటి? చాలా భాగం పాదాలతోనే మొదలయ్యేది. చన్నీళ్ల పాదస్నానం ఒకటి. పిక్కలదాకా నీళ్లలో ఒకటి నుంచి మూడు నిమిషాలు మాత్రమే ఉంచాలి. తలకు ఎక్కిన వేడి దిగుతుందనీ, నిద్ర పడుతుందనీ ఆయన అనుభవం. బలహీనులకు, వృద్ధులకు, చన్నీళ్లు పడనివారికి గోరువెచ్చని పాదస్నానం. అందులో గుప్పెడు ఉప్పు, దానికి రెట్టింపు కట్టెల బూడిద కలిపేవాడు. 12 నుంచి 15 నిమిషాలు కాళ్లు అందులో ఉంచాలి. ఎండుగడ్డి పూలపొట్టు, ఓట్ల గడ్డి ఉడకబెట్టిన నీళ్లు కూడా వాడేవాడు. అన్నీ ఏ పేద రైతు ఇంట్లోనైనా దొరికేవే. పొయ్యిలో బూడిద, డబ్బాలో ఉప్పు, పశువుల కొట్టంలో గడ్డి, బావిలో నీళ్లు. డబ్బున్నవాడికే దొరికే మందు ఒక్కటీ లేదు.

ఇక ఉదయాన్నే తడి గడ్డిమీద చెప్పులు లేకుండా నడవడం, లోతులేని నీళ్లలో కొంగలాగా కాళ్లు ఎత్తి ఎత్తి వేయడం. ప్రతి చన్నీళ్ల చికిత్సకూ ఒక నియమం ఉంది. కాళ్లు ముందే వెచ్చగా ఉండాలి, తర్వాత నడిచి మళ్లీ వేడి పుట్టించుకోవాలి. ఆయన జీవితంలో మాకు ఎంతో నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. మొదట్లో ఆయన చికిత్స చాలా కఠినంగా ఉండేది. అనుభవం పెరిగేకొద్దీ దాన్ని మార్చుకుంటూ వచ్చాడు. ఎంత తక్కువతో పని జరిగితే అంత మంచిదన్న నిర్ణయానికి వచ్చాడు. సాధారణంగా పేరొచ్చినకొద్దీ మనుషులు కఠినులవుతారు. ఆయన పేరొచ్చినకొద్దీ మెత్తబడ్డాడు. సంఘ కాపరులుగా మేమందరం గుండెమీద చెయ్యి వేసుకుని ఆలోచించవలసిన మాట ఇది.

ఇదే కాలంలో జర్మనీలో లూయీ కూనె అనే మరొకాయన తొట్టిస్నానాల పద్ధతిని ప్రచారం చేశాడు. ఆయన గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి వైద్య ఉద్యమానికి అదే నాంది అంటారు. అలా జర్మనీ పల్లెల నీళ్లతొట్టి అప్పుడే మన తెలుగు లోగిళ్లకు చేరింది.

నీళ్లు చేయగలిగింది, చేయలేనిది

రోగమంతా రక్తంలో చేరిన మలినాలవల్లనో, రక్తం సరిగా ప్రవహించకపోవడంవల్లనో వస్తుందని క్నైప్ నమ్మాడు. నీళ్లు ఆ మలినాన్ని కరిగించి, బయటికి పంపి, శరీరాన్ని బలపరుస్తాయని ఆయన లెక్క. అది ఆ కాలపు ఆలోచన. ఈ రోజు మనకు తెలిసింది వేరు. రక్తంలోని వ్యర్థాలను వడగట్టి బయటికి పంపేవి ముఖ్యంగా కాలేయం, మూత్రపిండాలు. దేవుడు రాత్రింబవళ్లు ఆగకుండా పనిచేసేలా వాటిని మన లోపల పెట్టాడు. అరికాళ్ల గుండా విషాలు నీళ్లలోకి దిగిపోవు.

ఈ మాట ఇంత నొక్కి ఎందుకు చెబుతున్నామంటే డిటాక్స్ పాదస్నానం పేరుతో ఇప్పుడు కరెంటు తొట్లు వస్తున్నాయి. కాళ్లు పెట్టిన కాసేపటికి నీళ్లు గోధుమరంగులోకి మారతాయి. అదిగో మీ ఒంట్లోని విషమంతా దిగిపోయింది అని చూపిస్తారు. నిజానికి ఆ రంగు ఉప్పునీటిలో ఉన్న ఇనుప కడ్డీలు కరెంటుకు తుప్పుపట్టడంవల్ల వచ్చేది. కాళ్లు పెట్టకపోయినా నీళ్లు అలాగే మారతాయి! జబ్బుతో ఉన్న విశ్వాసులు డయాలసిస్ మానేసో, షుగరు మాత్రలు ఆపేసో ఇలాంటివాటిని నమ్ముకుంటే పోయేది డబ్బు మాత్రమే కాదు, ప్రాణం. గుప్పెడు ఉప్పు, గుప్పెడు బూడిదతో పేదలకు సేవ చేసిన ఆ గురువు చికిత్సకు, ఈ వ్యాపారానికి ఏ పోలికా లేదు.

అయితే పాదస్నానంవల్ల మేలే లేదా? ఉంది. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెడితే పాదాల్లోని రక్తనాళాలు విచ్చుకుంటాయి. లోపలి వేడి పాదాల గుండా బయటికి పోతుంది. శరీరం లోపల ఉష్ణోగ్రత కొంచెం తగ్గడం నిద్రకు సిద్ధమవడానికి గుర్తు. అందుకే పడుకోబోయే ముందు పదిహేను నిమిషాల పాదస్నానం చాలామందికి నిద్ర తెస్తుంది, కండరాల బిగువు సడలుతుంది, మనసు కుదుటపడుతుంది. ఇది విషం దిగిపోవడం కాదు, అలసట దిగిపోవడం. అలసినవారికి విశ్రాంతి ఇవ్వడం చిన్న మేలా? ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. నీళ్లు కాలుతున్నా తెలియదు. అలాంటివారు, కాళ్లకు పుండ్లు ఉన్నవారు, రక్తప్రసరణ సరిగా లేనివారు డాక్టరును అడిగిన తర్వాతే చేయాలి. ఇంట్లోవాళ్లు ముందు మోచేతితో నీళ్ల వేడి చూడాలి.

చివరి పాఠం

క్నైప్ కూడా తన పరిమితిని ఎరిగినవాడే. డాక్టర్లను శత్రువులుగా చూడకుండా తన దగ్గరికి వచ్చిన వైద్యులతో కలిసి పనిచేశాడు. 1894లో ఆయన పద్ధతిని పాటించే వైద్యుల సంఘమే ఏర్పడింది. వేలమందికి నీళ్లు పోసిన ఆయనకు చివరికి కడుపులో గడ్డ వచ్చింది. నీళ్లు దాన్ని కరిగించలేదు. 1897 జూన్ 17న, 76 ఏళ్ల వయసులో, వోరిస్‌హోఫెన్‌లోనే ఆయన కన్నుమూశాడు. ఆ పల్లె పేరుకు 1920లో స్నానాల ఊరు అని అర్థమిచ్చే బాడ్ అనే మాట చేరింది. ఆయన పద్ధతిని 2015లో జర్మనీ తన దేశపు సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది.

నీళ్లు ఆయన్ను ఒకసారి లేపాయి, మరొకసారి లేపలేదు. రెండుసార్లూ ఆయన దేవుని చేతిలోనే ఉన్నాడు. విశ్వాసికి ఇంతకంటే ఆదరణ ఏముంది? నదిని నమ్మినవాడు నది ఎండితే కూలిపోతాడు. నదిని సృష్టించినవాణ్ణి నమ్మినవాడు కూలడు.

శరీరాన్ని నీళ్లతో కడుక్కోవచ్చు. లోపలి మాలిన్యం సంగతేమిటి? మనిషిని అపవిత్రం చేసేది బయటినుంచి లోపలికి వెళ్లేది కాదనీ, హృదయంలోనుంచి బయటికి వచ్చేదేననీ ప్రభువు బోధించాడు. అసూయ, ద్వేషం, మోసం, గర్వం... ఇవే అసలు విషాలు. ఏ తొట్టిలో కాళ్లు పెడితే ఇవి దిగుతాయి? వీటికి క్రీస్తు రక్తం తప్ప మరో మందు లేదు. ఆ పని ఆయన సిలువమీద ముగించాడు. మనం చేయవలసింది ఆయన దగ్గరికి రావడమే.

అలా కడగబడినవారికి ఆయన ఒక పని అప్పగించాడు. తాను చేసినట్టే మనమూ ఒకరి పాదాలు ఒకరం కడగాలన్నాడు. పేతురు మొదట వద్దన్నాడు, తర్వాత తలనూ చేతులనూ కూడా కడగమన్నాడు. మనం ఆ రెండింటి మధ్య చర్చిస్తూ తువాలు మాత్రం ఎత్తడం లేదు. ప్రియ చదువరీ! రోజంతా పొలంలోనో, కొట్లోనో, వంటింట్లోనో నిలబడి వాచిన కాళ్లు మీ ఇంట్లోనే ఉన్నాయి. మన తల్లుల మడమలు పగిలిపోయాయి. వీల్‌చైరులో కూర్చున్న తండ్రి పాదాలను తాకి ఎన్నాళ్లయిందో మనకే గుర్తులేదు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, వాళ్ల ముందు నేలమీద కూర్చోండి. విషాలు దిగకపోవచ్చు. మన గర్వం మాత్రం కొంతైనా దిగుతుంది. అలసిన ఒక దేవుని బిడ్డ ఆ రాత్రి హాయిగా నిద్రపోతుంది. ప్రభువు ఆ పరిచర్యను మనందరికీ నేర్పును గాక!